ఇంగ్లండ్‌లో ఓడిపోయిన మనిషి

"ఏదీ, ఏలు సూపు."

ఎలక్షన్ రోజున మా సుంగై సుమున్ బడి గేటు బయట నిలబడి, ఓటు వేసి వచ్చే ప్రతి మనిషినీ ఆయన అడిగే మాట అదొక్కటే. ఎవరికి వేశావని అడగడు. ఎడమచేతి చూపుడు వేలు పట్టుకుని, గోరు మీద పూసిన సిరాను ఎండలోకి తిప్పి చూసి, "ఊఁ, ఎల్లు" అని వదిలేస్తాడు. కొందరు నవ్వుతూ చూపించేవాళ్లు, కొందరు విసుక్కుని చెయ్యి లాక్కునేవాళ్లు. గేటు దాటి ఆయన ఎప్పుడూ లోపలికి రాలేదు. ఆయనది ఎర్ర ఐసీ.

ఐసీ అంటే మా మలేసియాలో గుర్తింపు కార్డు. ఎర్ర ఐసీ అంటే ఏమిటో ఆంధ్ర నుంచి వచ్చే చుట్టాలకు విడమరచి చెప్పాల్సి వస్తుంది. అది ఉన్నవాడు ఈ దేశంలో ఉండొచ్చు, పని చేయొచ్చు, ముసలాడైపోవచ్చు, చచ్చిపోవచ్చు. పౌరుడు మాత్రం కాదు, ఓటు లేదు. పౌరుడిది నీలం ఐసీ. ఈయన స్వాతంత్య్రానికి కొంచెం ముందు ఎస్టేటు కూలీల లైనింట్లో మంత్రసాని చేతుల్లో పుట్టాడు, పుట్టినట్టు ఎవరూ రాయించలేదు. స్వాతంత్య్రం వచ్చాక పుట్టిన చెల్లెలికి నీలం ఐసీ వచ్చింది. ఒకే తల్లి, ఒకే గది, ఒకే చాప. పెద్దయ్యాక ఈయన దరఖాస్తు పెట్టిన ప్రతిసారీ కౌంటర్లో ఎవరో ఒకరు ఏదో ఒకటి తక్కువైందన్నారు. తక్కువైంది ఏమిటో తెచ్చి ఇచ్చేసరికి ఆ కౌంటర్లో మనిషి మారిపోయి ఉండేవాడు.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఆ పేరు రాసుకోవడానికి ఒక దేశానికి ఆయన బతుకంతా చాలలేదు, నా రెండు పేజీల్లో రాస్తే మాత్రం ఏం ఒరుగుతుంది? నేను పెదనాన అని పిలిచేవాణ్ని. రక్తసంబంధమేమీ లేదు, మా నాన్నా ఆయనా పక్కపక్క ఇళ్లలో పెరిగారు. పోయిన వారం ఆయన పోయాడు. పెళ్లీ పిల్లలూ లేని మనిషి కనుక చితికి నేనే నిప్పు పెట్టాను.

నేను బడిపంతుల్ని. ఇక్కడ ఎలక్షన్ చాకిరీ పంతుళ్ల నెత్తిన పడుతుంది. సిరా పూసే బల్ల దగ్గర నన్ను కూర్చోబెట్టిన ఎలక్షన్లు ఉన్నాయి. లోపల నేను పూసేవాణ్ని, బయట ఆయన చూసేవాడు. సాయంత్రం టీ కొట్టు దగ్గర దొరికితే తిట్లే తిట్లు. "ఈపాలి సిరా ఏటి అంత పల్చగుంది? రెండు తానాలకి పోద్ది. సరిగ్గా పుయ్యడం రాదేట్రా నీకు?" ఆ సిరా మా ఇంటి పెరట్లో నేనే కాచినట్టు మాట్లాడేవాడు.

ఆ రోజున ఆయన తొడుక్కునే చొక్కా ఒకటుండేది, లేత పచ్చది, ఇస్త్రీ మడతలు విప్పనిది. దాన్ని పండక్కి తొడుక్కోగా నేను చూడలేదు, పెళ్లికి తొడుక్కోగా చూడలేదు. ఎలక్షన్ పొద్దున ఆ చొక్కా వేసుకుని, పాత మోటార్ సైకిల్ మీద నడవలేని ముసలాళ్లను ఒక్కొక్కరినీ బడికి చేరవేసేవాడు. ఏ పార్టీ వాడు నీళ్ల సీసా ఇచ్చినా తీసుకునేవాడు కాదు. నీలం ఐసీ జేబులో పెట్టుకుని ఆ రోజు సెలవు దొరికిందని ఇపో పట్నంలో షాపింగ్‌కు పోయేవాళ్లను చూస్తే మాత్రం ఆయనకు నోరు ఆగేది కాదు. "నీ ఐసీ నాకిచ్చి ఎల్లరా, నాను ఏసొస్తాను" అనేవాడు. వాళ్లు నవ్వేవాళ్లు. నవ్వడానికి అందులో ఏముందో నాకు ఈనాటికీ అర్థం కాలేదు.

ఇంగ్లండ్ యూరప్ యూనియన్‌లో ఉండాలా, బయటికి పోవాలా అని అక్కడి జనాన్ని ఓటు అడిగిన ఏడు, ఒక ఆదివారం ఆయన చెల్లెలి దగ్గర్నుంచి ఫోనొచ్చింది. ఆవిడ వయసులో ఉండగా నర్సు పనికి ఇంగ్లండ్ వెళ్లి అక్కడే ఉండిపోయింది, కాని మలేసియా పాస్‌పోర్టు వదల్లేదు. ఒకప్పుడు తెల్లవాళ్ల కింద ఉండి ఇప్పుడు కామన్వెల్త్ అనిపించుకుంటున్న దేశాల వాళ్లకు, అక్కడ కాపురముంటే చాలు, ఆ ఓటు ఉంది. అలా మా సుంగై సుమున్ ఎస్టేటు పిల్లకు ఇంగ్లండ్ తలరాత మీద ఒక ఓటు దొరికింది.

మా వాళ్లలో ఓటు ఇంటి పెద్ద చెప్పినట్టు పడటం మామూలు. అమ్మ నాన్నను అడిగేది, నాన్న వాళ్లన్నను అడిగేవాడు. చెల్లెలు ఇన్నేళ్లు ఇంగ్లండ్‌లో ఉన్నా ఆ అలవాటు పోలేదు. పుట్టింటికి పెద్దవాడు అన్న కనుక అన్నను అడిగింది. పుట్టి బుద్ధెరిగి ఒక్క ఓటు వేయని మనిషిని అడుగుతున్నానని ఆవిడకు తట్టలేదు. ఈయన కూడా అనలేదు.

టీ కొట్టులో నా ఫోన్ మీదే ఆ మాటలు జరిగాయి.

"అన్నియ్యా, ఉండాలా పోవాలా అని అడగతన్నారు. ఏటెయ్యమంటావు?"

"నీకేటనిపిస్తంది?"

"నాకైతే పోవాలనే ఉంది. మేం వచ్చినప్పుడు పరీచ్చలు రాసినాం, ఎక్స్‌రేలు తీయించుకున్నాం, లైన్లో నిల్చున్నాం. ఈ యూరపోల్లు సంచీ తగిలించుకోని బస్సెక్కి వచ్చేస్తన్నారు. ఆస్పత్రిలో మంచం దొరకట్లేదు. రూల్సు సూస్తే ఎక్కడో పరాయి ఊళ్లో కూకోని రాస్తన్నారు."

ఆయన గ్లాసు పక్కకు జరిపాడు. "బేగి పడకు. నాలుగు దినాలు ఆలోసించి సెప్తాను" అన్నాడు. ఫోన్ నా చేతికిస్తూ, "నన్నడిగింది సూసినావా" అన్నాడు. ఆ మొహం నేను మరచిపోలేను. పెళ్లి కుదిరినవాడి మొహంలా ఉంది.

ఆ మర్నాటి నుంచి టీ కొట్టు బల్ల మీద రెండు సాసర్లు వెలిశాయి. ఒకటి ఉండటానికి, ఒకటి పోవడానికి. వేయించిన వేరుశనగ పప్పు పొట్లం విప్పి పెట్టుకుని, ఎవరు ఒప్పించే మాట చెబితే ఆ వైపు ఒక గింజ వేసేవాడు. నేను పేపరు చదివి తెలుగులో చెప్పాలి. సుంకాల్లేకుండా సరుకు అటూ ఇటూ పోతోందని చదివితే ఉండే వైపు గింజ పడేది. "సింగపూరు పోయే జోహోర్ బ్రిడ్జి మీద లారీలు ఎలగ పడిగాపులు పడతాయో సూసినాను. ఆ తగువు కోరి తెచ్చుకుంటారేటి?" అనేవాడు. నలుగురితో కలిసుంటే సొంత మాట సగమే చెల్లుతుందని చదివితే, "అదీ నిజవే" అని బాధపడుతూ పోయే వైపు వేసేవాడు. కొట్టు యజమాని ఇవతలి గల్లా దగ్గర్నుంచి చెయ్యి చాపి రెండు సాసర్లలోవీ సమానంగా తినేసేవాడు.

ఆ యజమాని తల్లి మన తెలుగు మనిషే, తండ్రి తమిళుడు. ఆయన మాట సగం అటూ సగం ఇటూ ఉంటుంది, చివర ఇక్కడి వాళ్లందరి లాగే ఒక 'లా' తగిలిస్తాడు. "పెరియప్పా, ఇంగ్లండ్ ఎక్కడ, నువ్వెక్కడ? కోపీ ఆరిపోతోంది లా. పోనీ సింగపూర్ పారు, చూడు. మననుంచి బయటికి పోయినాడు, పెద్దోడైపోయినాడు" అన్నాడు ఒకరోజు.

ఈయన గింజ పట్టుకున్న చెయ్యి ఆపాడు. "సింగపూరు పోనాదేటి? ఎల్లగొట్టినారు. ఎల్లగొట్టించుకున్నోడికి ఏడుపుంటాది, కసుంటాది, పట్టుబట్టి బాగుపడతాడు. కోరి పోయినోడు రేపు కట్టమొస్తే ఎవుల్ని తిట్టుకుంటాడు?"

యజమాని సాసర్ వైపు చెయ్యి చాపాడు. ఇంకో గింజ తిన్నాడు.

ఆ మాట ఆయన ఊరికే అనలేదు. కోరి పోవడం ఏమిటో ఆయనకు తెలుసు. ఆయన కుర్రతనంలో ఎస్టేటు గుడికి ఒకటే కమిటీ ఉండేది, తమిళులూ మనవాళ్లూ కలిసి. ఒక ఏడు ఉత్సవంలో మన రామభజనకు భోజనాలయ్యాక వంతు ఇచ్చారట, జనమంతా ఇళ్లకు పోయాక. మనవాళ్లకు ఒళ్లు మండిపోయింది. "బయటికి పోదాం, మన గుడి మనం కట్టుకుందాం" అని బల్లెక్కి అరిచినవాళ్లలో ముందు నిలబడ్డది ఈయనే. అందరూ చప్పట్లు కొట్టారు. కాలువ గట్టున రేకుల కప్పు వేసి రాముణ్ని పెట్టుకున్నారు. వాళ్ల భజన వాళ్లదే, వాళ్ల వంతు వాళ్లదే. తర్వాత ఎస్టేటు అమ్ముడుపోయినప్పుడు, జనం ఎక్కువున్న ఆ పెద్ద కమిటీకి గుడి కోసం స్థలం ఇచ్చారు. కాలువ గట్టున రేకుల షెడ్డు తరఫున అడగడానికి మిగిలింది నలుగురు ముసలాళ్లు. బుల్డోజర్ వచ్చిన పొద్దున రాముణ్ని చేతుల్లో పట్టుకుని నిలబడ్డదీ ఈయనే.

ఇది ఊళ్లో అందరికీ తెలిసిన కథ. తెలియనిది ఆ సాసర్ల దగ్గర నాకొక్కడికే చెప్పాడు.

"అప్పట్లో ఒక పిల్లని సూసినార్రా నాకు. తల్లి మన మనిషి, తండ్రి తమిళోడు. మాటలు అయిపోనాయి, తాంబూలాలే మిగిలినాయి. మేం బయటికొచ్చేసినాక ఆ తండ్రి కబురంపినాడు. మీరే మమ్మల్ని వద్దని పోనారు గదా, మా పిల్ల మీకెందుకు అని. నాను ఏటి సెప్తాను? అలగ రెండేపులా కాలున్న ఇల్లు మా లైన్లో సానా ఉన్నాయి. బల్లెక్కి అరిసినప్పుడు ఆల్లని ఒక్కమాట అడగలేదు. నాకసలు ఆల్లు గేపకమే రాలేదు."

నేను పేపరు మడత పెట్టాను.

పై ఆదివారం చెల్లెలు మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి ఈయనే ప్రశ్నలు వేశాడు. ఇరుగుపొరుగు ఎవరు, మంచీ చెడ్డకీ ఎవరు పలుకుతారు అని. పక్కింట్లో ఒక పోలండు అమ్మాయి ఉందని, మోకాలి నొప్పికి ఆస్పత్రికి కారులో తీసుకుపోయేది ఆమేనని, మంచు పడితే గుమ్మం ముందు ఎత్తిపోసేది కూడా ఆమేనని ఆవిడ చెప్పింది.

"ఆ గుంట ఏటేస్తాది?"

"దానికి ఓటు లేదన్నియ్యా. యూరపోల్లకి ఇందులో ఓటివ్వలేదు."

"అక్కడే ఉంటాది గదా?"

"ఉంటాది. పదేళ్లయి ఉంటంది. పన్ను కడతాది. ఓటు లేదు."

ఆయన ఫోన్‌ను చెవి నుంచి తీసి కాసేపు దాని వంక చూశాడు. మళ్లీ చెవిన పెట్టుకుని అడిగాడు. "అయితే దానిదీ ఎర్ర ఐసీయేనా?"

ఆవిడ నవ్వింది. ఈయన నవ్వలేదు. రెండు సాసర్లూ ఒక దాంట్లో ఒకటి పెట్టేశాడు. "ఉండమని ఎయ్యమ్మా. నీ లైను, నీ ఎక్స్‌రే అన్నీ నిజవే. రూల్సు పరాయోడు రాస్తన్నాడన్నదీ నిజవే. కాని పోతే ఏటవుద్దో ముందుగాల ఆ గుంటకి తెలుస్తాది, దాన్ని అడగనైనా లేదు. నీ కాడ ఓటుంది, దాని కాడ లేదు. దాని కోసం ఎయ్యి."

అటువైపు ఆవిడ ఆస్పత్రి మంచాల మాట మళ్లీ ఎత్తింది. "సర్లే అన్నియ్యా" అంది చివరికి.

ఓటు రోజు గురువారం. మా బడికి ఆ రోజు ఎలక్షనూ లేదు, సెలవూ లేదు. మధ్యాహ్నం పిల్లలు ఇంటికి పోయే వేళకు గేటు బయట లేతపచ్చ చొక్కాలో ఆయన నిలబడి ఉన్నాడు. ఇంగ్లండ్‌లో అప్పుడే తలుపులు తీస్తున్నారట, ఎవరినో అడిగి తెలుసుకున్నాడు. దీపాలు పెట్టే వేళకు మా ఇంట్లో కూర్చుని వీడియోలో చెల్లెల్ని పిలిచాడు.

"ఏసినావా?"

"ఏసొచ్చినానన్నియ్యా."

"ఏదీ, ఏలు సూపు."

"ఇక్కడ సిరా పుయ్యరు. ఎల్లి పేరూ అడ్రసూ సెప్తే కాయితం ఇచ్చేస్తారు."

ఆయన నా వైపు తిరిగాడు. "ఇన్నావేట్రా? పేరు సెప్తే సాలంట. ఐసీ సూపించమనరంట. మనిసిని నమ్ముతారంట!" అంత సంబరంగా ఆయన మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు. ఫోన్ పెట్టేశాక వెళ్లిపోతాడనుకున్నాను. వెళ్లలేదు. బల్ల మీద ఎడమచెయ్యి చాపి పెట్టాడు.

"నీ కాడ సిరా ఉందేట్రా?"

ఎలక్షన్ సిరా ఇంట్లో ఎందుకుంటుంది పెదనానా అన్నాను. చార్టులు రాసే నల్ల మార్కర్ ఉందన్నాను.

"అదే పుయ్యి. ఓటు నాది గదా. సెల్లి సెయ్యే గాని ఓటు నాది. ఆల్లు పుయ్యకపోతే మానె, మన దేశం పద్ధతి మనది."

గోరు మీదా, గోరు మొదట చర్మం మీదా, బల్ల దగ్గర ఎలా పూస్తానో అలాగే పూశాను. ఆరేదాకా చెయ్యి గాల్లో పట్టుకుని కూర్చున్నాడు. పల్చగా పూశావని ఆ ఒక్కసారి తిట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నం దగ్గర పడుతుండగా టీ కొట్టు టీవీలో ఫలితం తేలింది. పోయే పక్షం గెలిచింది. టీ కొట్టులో అది ఎవరికీ పట్టలేదు, ఎవడో చానల్ మార్చమన్నాడు కూడా. ఈయన వేలి వంక చూసుకున్నాడు, టీవీ వంక చూశాడు.

"ఓడిపోనాను రా" అన్నాడు.

దుఃఖంగా అనలేదు. అందులో ఉన్నది గర్వం. ఆ మాట తర్వాతి ఏళ్లలో ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. ఇక్కడ ఎలక్షన్లు జరిగి, తమ పార్టీ ఓడిపోయిందని ఎవరైనా ఏడుస్తూ కూర్చుంటే పక్కన చేరేవాడు. "నాకు తెల్సు. నానూ ఓడిపోనోణ్ణే" అని భుజం తట్టేవాడు. ఇంగ్లండ్‌లో ఒక ప్రధానమంత్రి దిగి ఇంకొకరు ఎక్కినప్పుడల్లా, రేవుల్లో లారీలు ఆగాయని పేపర్లో పడినప్పుడల్లా, "నా మాట ఇంటే గదా" అనేవాడు. వినేవాళ్లకు అది ముసలాడి పిచ్చి. కాని అంతకుముందు టీ కొట్టులో ఎలక్షన్ల మాట వస్తే చివరి బెంచీలో కూర్చునే మనిషి, ఆ తర్వాత ముందు బెంచీలో కూర్చున్నాడు. గెలిచినవాళ్లకూ ఓడినవాళ్లకూ మధ్య చోటు ఉంటుంది, ఏ లెక్కలోనూ లేనివాడికి ఉండదు. ఆయనకు ఆ చోటు ఒక ఓటమి వల్ల దొరికింది, దాన్ని జాగ్రత్తగా దాచుకున్నాడు.

చెల్లెలు చావుకు అందలేదు. నిన్న బూడిద కలిపే వేళకు విమానం దిగి, క్లాంగ్ ఊరి మీదుగా కారులో వచ్చింది. ఇద్దరమూ బాగాన్ దాతుక్ రేవులో సముద్రం పోటు తగ్గి నీరు వెనక్కి తీసేదాకా ఆగాల్సి వచ్చింది. బూడిద కుండ నా ఒళ్లో ఉంది. ఆవిడ ప్రయాణం సంగతులు చెప్పుకొచ్చింది. "ఇన్నేళ్లయినా ఇక్కడి పాస్‌పోర్టు వదల్లేదు బాబూ, అదే మంచిదైంది. ఎయిర్‌పోర్టులో మెసీను మీద ఏలెట్టినాను, గేటు తెరుసుకుంది, వచ్చేసినాను." ఆ మాటలో తప్పేమీ లేదు. అయినా నాకు కుండను అటు తిప్పి పెట్టాలనిపించింది.

పోలండు అమ్మాయి వెళ్లిపోయిందట. ఉండొచ్చని కాగితాలు ఇచ్చారట గాని, ఇక మనసు విరిగిపోయిందని సామాను సర్దుకుని వాళ్ల దేశం పోయిందట. "ఇప్పుడు ఆస్పత్రికి తీసికెళ్లే దిక్కు లేదు బాబూ. టాక్సీ పిలుస్తే ఎప్పుడొస్తాడో తెలీదు" అంది.

"పెదనాన ఆ అమ్మాయి కోసమే వెయ్యమన్నాడు కదత్తా" అన్నాను.

"ఏటి ఎయ్యమన్నాడు?"

నేను గుర్తు చేయాల్సి వచ్చింది. ఎనిమిదేళ్లు ఆయన గుండెల మీద పెట్టుకు తిరిగిన దాన్ని ఆవిడకు నేను గుర్తు చేయాల్సి వచ్చింది.

"ఓ, అదా! ఆ దినం ఒకటే వాన బాబూ. నేనెల్లలేదు."

"వేశానని చెప్పారు కదా?"

"సెప్పినాను. ఎల్లలేదంటే బాదపడతాడు గదా." ఆవిడ నీళ్ల వంక చూసింది. కాసేపటికి తనే మళ్లీ అంది. "వాన లేకపోయినా ఎల్లుందును కాదులే. నాకు పోవాలనే ఉండేది. అలగేస్తే అన్నియ్య మాట తీసేసినట్టవుద్ది. తండ్రి లాటోడు, ఆడి మాట తీసెయ్యగలనా? ఆడు సెప్పినట్టు ఏస్తే నా మనసు ఒప్పుకోదు. అందుకని ఇంట్లో ఉండిపోనాను. ఎవుల మాటా పోలేదు. ఒక్క ఓటుకి ఏటైపోద్ది బాబూ?"

ఇదీ మా మర్యాద. పెద్దవాడి మాట జవదాటరు, నిలబెట్టరు. గొంతు పిసికి, దండ వేసి, కాళ్లకు మొక్కుతారు. ఆవిడ మీద అరవాలని ఉంది నాకు. ఎందుకో ఆ కౌంటర్ల వెనక కూర్చున్నవాళ్ల మీద కూడా ఇంత కోపం రాలేదు. వాళ్లు ఏనాడూ ఆయనను అడగలేదు, కాదన్నారు అంతే. ఈవిడ అడిగింది.

కాని అరవలేదు. కుండ ఒళ్లో పెట్టుకుని ఆ మాట ఎలా అంటాను? ఆయన ఓడిపోలేదనీ, ఓడిపోవాలంటే ముందు లెక్కలోకి రావాలనీ, ఆ వానలో ఇంగ్లండ్ కూడా ఆయనను లెక్క పెట్టలేదనీ ఆయన వినేలా అనలేకపోయాను.

నీరు తీసింది. గుడ్డ విప్పాను. ఆవిడ కూడా చెయ్యి పెట్టి ఒక గుప్పెడు వదిలింది. బూడిద ఆవిడ ఎడమచేతి చూపుడు వేలికి అంటుకుంది, గోరు మీదా, గోరు మొదటా.

"ఏదీ, ఏలు సూపు" అన్నాను.

ఈ పంతులు బాబు ఏమిటిలా మాట్లాడుతున్నాడనుకుందో ఏమో, నా మొహం వంక చూస్తూ వేలు ముందుకు చాపింది. చూశాను. తర్వాత ఆవిడ సంచిలోంచి టిష్యూ తీసి తుడుచుకుంది. ఒక్క తుడుపుకే పోయింది.